తొమ్మిదంగుళాలు

స్నానం చేసి తడితువ్వాలు దండెం మీద వేసి, అప్పలస్వామి నూతి దగ్గర్నుంచి వంటింటి గడప దాకా అంగలు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పదకొండు. లేచినప్పటి నుంచి ఇది నాలుగోసారి. ముప్ఫయ్యేళ్ళుగా ఆ దూరం పదకొండంగలే. నుయ్యి నడిచిపోదు, వంటిల్లు జరిగిరాదు. అయినా మళ్ళీ వెనక్కి తిరగబోయాడు.

"ఏటది? పిల్లి పిల్లల్ని తిప్పినట్టు ఆ సివరికీ ఈ సివరికీ తిరుగుతన్నావు. కూకో, తిను" అంది భార్య చిట్టమ్మ, చద్దన్నం పళ్ళెం ముందుకు తోసి.

కూర్చున్నాడు. రెండు ముద్దలు తిన్నాడు. ఎప్పుడూ ముందుగా కొరికే ఉల్లిపాయ పళ్ళెం అంచునే ఉండిపోయింది.

"ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉన్నాది. పదకొండు గంటలకి బడా బజార్లో జేఈ వస్తాడు."

"ఆడు కొత్తగా వస్తన్నాడా ఏటి? మన పెళ్ళైనకాడి నుంచీ వస్తన్నారు కదా జేఈలు" అని తీసిపారేసి ఆవిడ పొయ్యి వైపు తిరిగింది.

అప్పలస్వామి ప్లాను కొలతల మనిషి. బరంపురంలో ఎవరు మేడమీద గది వేయాలన్నా, పెరట్లో స్నానాలగది కలపాలన్నా ముందు కార్పొరేషనులో ప్లాను పాసవాలి. దాని మీద సంతకం పెట్టేది లైసెన్సున్న ఇంజనీరు. ప్రహరీకీ గోడకీ మధ్య సందులో పక్కవాటుగా దూరి, సాలెగూళ్ళు మొహాన పడుతుంటే టేపు పట్టేది మాత్రం అప్పలస్వామి. ప్లాను పాసయ్యాక నేలమీద ముగ్గుపిండితో గోడ ఎక్కడ రావాలో గీత గీసి ఇచ్చేదీ అతనే. దాన్ని మార్కింగ్ అంటారు. ఆ గీత మీద తాపీమేస్త్రి ఇటుక పెడతాడు. గోడ గీత దాటిందేమో చూడ్డానికి కార్పొరేషను జూనియర్ ఇంజనీరు, అదే జేఈ, వస్తాడు.

యాభై ఎనిమిదేళ్ళ మనిషి. సన్నగా పొడుగ్గా ఉంటాడు. ఏళ్ళ తరబడి బల్ల మీద వంగి గీతలు గీసినందుకు మెడ ముందుకు వచ్చేసింది. కుడి బొటనవేలి మీద స్టీలు టేపు అంచు కోసిన సన్నటి మచ్చలు. జేబులో రెండు పెన్సిళ్ళు, ఒకటి కాగితానికి, ఒకటి గోడకి. ఊళ్ళో వందల ఇళ్ళకి నక్సాలు గీసిన ఈ మనిషి, ఊరి చివర అంకులిలో తన రెండుగదుల రేకుల ఇల్లు కాగితం ముక్క లేకుండానే లేపుకున్నాడు. ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకుంటాడు.

ఈ రోజు నవ్వు రాలేదు. మోపెడ్ బయటికి తీస్తూ కూడా అతను గుమ్మం వెడల్పు చూపుతోనే కొలిచాడు.

అతను పనిచేసే ఆఫీసు గేట్ బజార్లో, ఒక మందుల దుకాణం పైన. పాత ఇంజనీరు లక్ష్మణరావుగారు పోయాక ఆయన కొడుకు శివరామ్ నడుపుతున్నాడు. పదో తరగతి తప్పి, పాత్రపూర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన అప్పలస్వామిని లక్ష్మణరావుగారే బల్ల ముందు కూర్చోబెట్టి గీత నేర్పారు. ఇప్పుడా బల్ల మీద ప్రింటరు ఉంది. చందన అనే అమ్మాయి కంప్యూటర్లో గీసి, అక్కడి నుంచే కార్పొరేషనుకి పంపేస్తుంది.

"అమ్మా, బడా బజారు నక్సా ఓసారి తియ్యి" అన్నాడు చందన వెనక నిలబడి.

"నిన్న మూడుసార్లు సూపించాను కదా అంకుల్" అని నవ్వుతూనే తీసింది.

తెరమీద ఆకుపచ్చ గీతలు. గది పొడవు పన్నెండడుగులు, వెడల్పు తొమ్మిదిన్నర. వెనక ప్రహరీ దాకా ఖాళీ నాలుగడుగులు. ఆ స్థలానికి రూలు అడిగేదీ నాలుగే. తెరమీద గోడ ఉండాల్సిన చోటే ఉంది. నేలమీది గోడే అలా లేదు. అది తొమ్మిదంగుళాలు బయటికి పోయి కూర్చుంది, దాన్నలా కూర్చోబెట్టింది అప్పలస్వామే, ఆ సంగతి భూమ్మీద ఇంకెవరికీ తెలియదు.

శివరామ్ లోపలి గదిలో ఫోనులో ఉన్నాడు. అప్పలస్వామి తలుపు దాకా వెళ్ళాడు, వెనక్కి వచ్చాడు. కిందికి దిగి టీ తాగాడు. పైకొచ్చి మళ్ళీ తలుపు దగ్గర నిలబడ్డాడు.

"ఏటి బాబాయ్?" అన్నాడు శివరామ్, ఫోను చెవి నుంచి తీసి.

"ఏటీ లేదు బాబూ. ఆ బడా బజారు గది…"

"అదా! ఎనక ఇంటోళ్ళు సందు ఇరుకైపోనాదని కంప్లైంట్ పెట్టినారు. టేపు పెడితే సరి. నక్సా ప్రకారమే కదా మార్కింగ్ ఇచ్చినావు?"

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నోరు తెరిస్తే చాలు. "అవును బాబూ" అన్నాడు అప్పలస్వామి. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అలా ఉంది అతని పని. మళ్ళీ కిందికి దిగి ఇంకో టీ తాగాడు.

సోమేశ్వరరావుగారిది బడా బజార్లో పప్పుల హోల్‌సేల్ దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, పైన పడకగదులు. నలభయ్యేళ్ళు దుకాణం గద్దె మీద కూర్చుని వీధిలో పోయే ప్రతి మనిషినీ పలకరించిన మనిషి. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. పైన గదిలోనే మంచం, పైనే అన్నీ. ఆస్పత్రికి వెళ్ళాలంటే కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు కూలీలు పంతొమ్మిది మెట్లూ దింపేవారు. ఒకరోజు పన్నెండో మెట్టు మీద ఒకడి కాలు జారింది. కుర్చీ ఒరిగింది. దెబ్బ తగల్లేదు కానీ ఆయన మనసు జారిపోయింది. "ఇంక దిగను. దిగితే నలుగురి భుజాల మీదే" అన్నాడు ముద్దమాటలతో. ఏడు నెలలైంది, వీధి మొహం చూడలేదు.

ఆయన్ని బతికుండగా కిందికి దింపాలన్నదే ఆయన భార్య వాసవీకుమారి పట్టుదల. దుకాణం వెనకే ఒక గది, దానికి ఆనుకుని స్నానాలగది కలిపితే, చక్రాల కుర్చీలో నేరుగా గద్దె దగ్గరికి పోవచ్చు. ఇల్లు కట్టి చూడు అన్నారు పెద్దలు. కట్టిన ఇంటికి ఒక్క గది కలపడం అంతకంటే కష్టమని ఆవిడకి అప్పుడే తెలిసింది. ప్లాను పాసయ్యింది. ముగ్గు పోసే రోజు పొద్దున ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అన్నయ్యా, సిద్ధాంతిగారు ధూమాయం ఒస్తాదన్నారు. ఆ గదిలో రోగిని పడుకోబెడితే లేవడంట."

ఆయం లెక్క అప్పలస్వామికి తండ్రి నుంచి వచ్చింది. ఆయన పల్లెలో తాపీమేస్త్రి. పొడవూ వెడల్పూ గుణించి, దాన్ని తొమ్మిదితో హెచ్చవేసి, ఎనిమిదితో భాగిస్తే మిగిలేదే ఆ గది ఆయం. ఒకటి మిగిలితే ధ్వజం, మూడైతే సింహం, అవి మంచివి. రెండు మిగిలితే ధూమం, అంటే పొగ. పన్నెండు, తొమ్మిదిన్నర, నూటపద్నాలుగు. నిజమే, రెండే మిగులుతోంది. ఆవిడ చీర చెంగు నోట్లో కుక్కుకుని తన మొహంలోకే చూస్తోంది. "అప్పలసామి గీత గీస్తే ఆయమూ కుదురుతాది, రూలూ కుదురుతాది" అని ఊళ్ళో పేరు. ఆ పేరు ఆ క్షణాన అతని తలకెక్కింది. నోటిలెక్క వేశాడు. వెడల్పు తొమ్మిదంగుళాలు పెంచితే నూటఇరవైమూడు, మిగిలేది మూడు.

"సింహాయమమ్మా. నేను సూసుకుంతాను, నువ్వు నిమ్మళంగా ఉండు" అన్నాడు. ఆవిడ చేతులు జోడించింది. అతను వంగి, ముగ్గు గీతని తొమ్మిదంగుళాలు ప్రహరీ వైపు జరిపాడు. జానెడు మేర ఎవడు చూడొచ్చాడులే అనుకున్నాడు.

వెనకింటి వాళ్ళు చూశారు.

జేఈ పదకొండుకి కాదు, పన్నెండింబావుకి వచ్చాడు. అంతసేపూ అప్పలస్వామి ఆ పెరట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. గోడలు స్లాబు ఎత్తు దాకా లేచి ఉన్నాయి, పూత ఇంకా లేదు. ఒకసారి గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. ఒకసారి నీళ్ళ డ్రమ్ము పక్కకి జరిపాడు, ఎందుకు జరిపాడో తెలియక మళ్ళీ అక్కడే పెట్టాడు. శివరామ్ నాలుగుసార్లు టైము చూసుకున్నాడు. వాసవీకుమారి దుకాణం వదిలి వచ్చి తలుపు దగ్గర నిలబడింది, చేతులకి శనగపిండి.

జేఈ ముప్ఫయ్యేళ్ళ ఒడియా కుర్రాడు. తెలుగు వచ్చు, తొందరైతే ఒడియాలోకి పోతాడు. సందులోకి దూరి తనే టేపు పెట్టాడు. రెండో కొస పట్టుకోమని అప్పలస్వామికే ఇచ్చాడు. అతని చేతిలో టేపు గోడకి తగిలి టకటక మంది.

"మూడడుగుల మూడంగుళాలు" అన్నాడు జేఈ. ఫోనులో నక్సా చూశాడు. "ఇక్కడ నాలుగుంది. మార్కింగ్ కిఏ దేఇథిలా?"

మార్కింగ్ ఇచ్చిందెవరన్న ఆ ప్రశ్నకి శివరామ్ జంకు లేకుండా జవాబిచ్చాడు. "మేమే సార్. నక్సా ప్రకారమే ఇచ్చాం. తర్వాత వీళ్ళే ఆయం కోసం గోడ జరుపుకుని ఉంటారు. ఈ ఊళ్ళో అందరూ చేసేదే కదా." అతను అబద్ధమాడలేదు. నిజంగానే అలా నమ్మాడు. ఈ ఊళ్ళో పాసైన ప్లానుని పట్టుకెళ్ళి సిద్ధాంతి ముందు పెట్టి, ఆయన చెప్పినట్టు గోడ జరపడం ఆనవాయితీ.

జేఈ వాసవీకుమారి వైపు తిరిగాడు. "ఆయం సరిగా రావాలని అడిగారా అమ్మా?"

"అడిగాను బాబూ" అంది ఆవిడ. నిజమే చెప్పింది. ఆ నిజం ఎక్కడికి దారితీస్తుందో తెలియక ముగ్గురి మొహాలూ మార్చి మార్చి చూసింది.

"అయితే యజమాని ప్లాను దాటి కట్టినట్టు. నోటీసు వస్తుంది. పని ఆపాలి. వాయిదాలుంటాయి. ఆరు నెలలు, ఎనిమిది నెలలు… చెప్పలేను."

పైనుంచి కర్ర చప్పుడు వినిపించింది. సోమేశ్వరరావు పిలవాలంటే ఎడమచేత్తో కర్ర తీసి నేల మీద తడతాడు. టక్, టక్. కింద ఏమైందో చెప్పమని. మళ్ళీ టక్, టక్.

అప్పలస్వామికి మాట్లాడకుండా ఉండడం చాలా తేలిక. శివరామ్ చెప్పేశాడు, ఆవిడ ఒప్పేసుకుంది, ఊరు నమ్ముతుంది. సాయంత్రం ఇంటికి పోయి అన్నం తినొచ్చు. కానీ ఆ కర్ర చప్పుడు అతని అరికాళ్ళలోంచి వస్తున్నట్టుగా ఉంది. ఎనిమిది నెలలు ఆ మనిషి ఆగగలడా? ఆగలేడు. నలుగురి భుజాల మీదే దిగుతాడు.

"మార్కింగ్ నేనే ఇచ్చాను, ఆజ్ఞా" అన్నాడు, ఒడియాలో అయ్యా అన్నట్టు.

"ప్లాను ప్రకారం ఇచ్చావా?"

"నేదు. తొమ్మిదంగుళాలు బైటికి ఇచ్చాను. ఆయం కుదరాలని నానే సేసినాను. అమ్మకి తెలీదు. బాబుకీ తెలీదు."

ఇన్నేళ్ళు ఊళ్ళో తిరిగి కాస్త పట్నం పద్ధతికి వచ్చిన అతని మాట పల్లెకి పోయింది. శివరామ్ నోరు తెరుచుకుని చూశాడు. జేఈ నవ్వలేదు, తిట్టలేదు. అతనికీ ఇంట్లో ఇలాంటి లెక్కలు వేసే పెద్దలుండే ఉంటారు.

"యజమాని చేస్తే అది వేరు. మార్కింగ్ తప్పైతే మీ ఆఫీసు తప్పు. ఈ వెనక గోడ తీసేసి లోపలికి కట్టండి, ఫొటోలు పంపండి, స్లాబుకి రెండు వారాల్లో ఒప్పుకుంటాను. కానీ రాసివ్వాలి." శివరామ్ వైపు తిరిగాడు. "మీ లైసెన్సు మీద ఒక హెచ్చరిక పడుతుంది. ఈయన చేతి కొలత ఇంక మా ఫైల్లోకి రాకూడదు."

అప్పలస్వామి ఇటుకల బొత్తి మీద కాగితం పెట్టుకుని రాశాడు. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి.

జేఈ వెళ్ళాక శివరామ్‌కి కోపంతో చెవులు ఎర్రబడ్డాయి. "పొద్దున్న నేను అడిగినాను కదా బాబాయ్. అప్పుడు సెప్పినా నేను ఏదోటి సూసుకునేవోణ్ణి."

"బయమేసింది బాబూ."

"నాన్న ఉంటే ఏటనేవోరు?"

అప్పలస్వామి నడుముకున్న టేపు తీసి, ఆఫీసు తాళంచెవితో కలిపి అతని చేతిలో పెట్టాడు. శివరామ్ వద్దనలేదు, తీసుకోవడానికీ చెయ్యి చాపలేదు. చేతిలో పెట్టాక మూసుకుంది. "రేపట్నుంచి…" అని ఆగిపోయి, తలవంచుకుని వెళ్ళిపోయాడు. ముప్ఫైమూడేళ్ళ ఉద్యోగం ఆ సగం మాటతో అయిపోయింది.

వాసవీకుమారి ఇంకా గుమ్మంలోనే ఉంది. ఆవిడ థాంక్స్ చెబుతుందని అతను అనుకోలేదు, చెప్పలేదు కూడా.

"సింహాయమని నాచేత దండం పెట్టించావు అన్నయ్యా. రూలుకి అడ్డమని ఒక్క మాట సెప్తే నేను ఒద్దననా? నన్ను దొంగని సేసేవు కదా, ఆ పిల్లోడి ముందు." చేతుల పిండి చెంగుకి తుడుచుకుంది. "పోనీ అదీ లేదు. ఇప్పుడు గోడ లోపలికొస్తే మళ్ళీ ఆ ధూమాయమే కదా. ఆ పొగలోకే ఆయన్ని తీసుకెళ్ళి పడుకోబెట్టాలా?"

అతను నేలని చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ మాట ప్రతి ఒక్కటీ న్యాయమే. సిగ్గుతో ఒళ్ళు కాలిపోతోంది. అయినా బుర్ర తన పాటికి తను లెక్క మొదలుపెట్టింది, దానికి సిగ్గు లేదు. వెడల్పు కదపడానికి లేదు, తొమ్మిదిన్నరే. పొడవు? పెంచడానికి చోటు లేదు. తగ్గిస్తే? అడుగు తగ్గిస్తే మంచం తిరగదు. అంత అక్కర్లేదు. నూటపదమూడు రావాలి, అంతే. వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు.

అంగుళంపావు.

పొడవులో అంగుళంపావు తగ్గితే చాలు. నూటపదమూడుని తొమ్మిదితో హెచ్చవేసి ఎనిమిదితో భాగిస్తే ఒకటి మిగులుతుంది. ధ్వజం. సింహం కంటే గొప్పది. గోడ కదపక్కర్లేదు, రూలు దాటక్కర్లేదు, తూర్పు గోడకి పూత అంగుళంపావు ఎక్కువ మందం వేస్తే అయిపోయేది. ఆ రోజు ఇంకో పావుగంట ఆలోచించి ఉంటే! ఆవిడ ముందు వెంటనే జవాబు చెప్పాలన్న గొప్పకి పోయి, గారచెక్కతో పోయేదాన్ని గడ్డపార దాకా తెచ్చుకున్నాడు.

నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపొచ్చింది. తువ్వాలుతో మొహం తుడుచుకుని ఆవిడకి లెక్కంతా నేలమీద గీసి చూపించాడు. ఈసారి ఆవిడ చేతులు జోడించలేదు. తనూ కూర్చుని, దుకాణం లెక్కలు వేసే వేలితో నేలమీదే గుణించి, భాగించి, శేషం దగ్గర ఆగింది.

"ఒకటే" అంది. తర్వాత, "పైకెళ్ళి ఆయనకి నువ్వే సెప్పు" అంది.

పంతొమ్మిది మెట్లు ఎక్కాడు. సోమేశ్వరరావు గోడవైపు ఒరిగి ఉన్నాడు, కర్ర చేతిలోనే ఉంది. అప్పలస్వామి మంచం పక్కన కింద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పాడు, ముగ్గు గీత జరిపిన దగ్గర్నుంచి. ఏదీ దాచలేదు. పెద్దాయన కళ్ళు మూసుకుని విన్నాడు.

"అయితే… దిగుతానా?" అన్నాడు చివరికి.

"దిగుతారు బాబుగారూ. కుర్చీలో కూకుని దిగుతారు. గద్దె కాడికే ఎల్తారు."

పెద్దాయన ఎడమచెయ్యి తడుముతూ వచ్చి అతని తలమీద ఆగింది. తిడతాడనుకున్న మనిషి అలా చెయ్యి వేసేసరికి అప్పలస్వామికి పొద్దున్నుంచీ ఆగిన ఊపిరి ఒక్కసారిగా వదిలినట్టయింది.

కిందికి వచ్చేసరికి ఎండ వాలింది. పూత పనికి ఇంకా నెల పడుతుంది. అప్పటికి తను ఉండడు, వచ్చే మేస్త్రి ఎవరో తెలియదు, చెప్పిన మాట చెప్పినట్టు నిలవదు. ఇసక కుప్ప మీద తాపీవాళ్ళు వదిలేసిన దారం ఉండ ఒకటి కనిపించింది. తూర్పు గోడ రెండు కొసల్లోనూ మేకులు దిగ్గొట్టాడు. టేపు లేదు. ఇటుక మీద పడే మామూలు పూత మందానికి పైన బొటనవేలి కణుపు ఆనించి అంగుళంపావు చూసుకున్నాడు, మేకులకి దారం బిగించి కట్టాడు. వేలితో మీటి చూశాడు, వదులు లేదు.

"పూతకి ఒచ్చినోడికి ఈ దారం సూపించమ్మా. దీన్ని తాకేదాకా వెయ్యమను. అంతకంటే ఒద్దు, తక్కువా ఒద్దు."

"టీ పెడతానుండు" అంది ఆవిడ.

"రెండు తాగేసినాను. ఇంక ఒద్దు తల్లీ."

మోపెడ్ రెండో తన్నుకి కదిలింది. అప్పడాల దుకాణాల మధ్య నుంచి, తోపుడుబళ్ళని తప్పించుకుంటూ, దేన్నీ కొలవకుండా వెళ్ళిపోయాడు.

మర్నాడు కూలీలు వచ్చి వెనక గోడ పగలగొట్టారు. మూడోనాటికి ఇటుకలు తొమ్మిదంగుళాలు లోపల లేచాయి. వారం తిరిగాక సెంట్రింగ్ కర్రలు వచ్చాయి. వాసవీకుమారి రోజూ పొద్దున్నే వచ్చి తూర్పు గోడకి గమేలాలూ పారలూ ఆనించొద్దని చెప్పి పోయేది. స్లాబు పడిన రోజున సిమెంటు నీళ్ళు కారి ఆ దారం బూడిదరంగుకి తిరిగింది, ఆరాక మరింత బిగుసుకుని, గోడకి కాస్త ఎడంగా, ఈ మేకు నుంచి ఆ మేకు దాకా తిన్నగా సాగి ఉంది.